దర్శిని హోటళ్ల కొనుగోలు లెక్క: ఏ సరుకు మానుతారు, ఏది మానలేరు?

(మా వాణిజ్య విలేకరి)

బెంగళూరు దర్శిని హోటళ్లలో ఇడ్లీ ప్లేటు ధర ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి మారదు. ఆ ఇడ్లీకి, దాని పక్కన చట్నీకి, సాంబారుకు కావలసిన సరుకుల ధరలు మాత్రం వారం వారం మారుతుంటాయి. కూరగాయల ధరలైతే ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. గోడ మీది ధర నిలకడగా ఉండి, యార్డులో ధర ఎగిరిపడుతుంటే, ఆ తేడాను ఎవరు భరిస్తున్నారన్నది ప్రశ్న. కొంత హోటలు యజమాని లాభంలో తరుగుతుంది. మిగిలినదాన్ని మోసేది ఆనాటి వంటకాల పట్టీ. ధర పెరిగిన సరుకు చల్లగా పట్టీలోంచి జారిపోతుంది. ఆ సీజనులో దగ్గరి పల్లెలనుంచి దండిగా వచ్చే సరుకు దాని స్థానంలోకి వస్తుంది.

ఇది కర్ణాటక హోటలుదారుల సొంత వ్యవహారం మాత్రమే కాదు. తెనాలి, విజయవాడ మిల్లుల మినపగుళ్లు, హిందూపురం చింతపండు, గుంటూరు మిర్చి, మదనపల్లె టమాటా బెంగళూరు వంటశాలలకు వెళ్లే సరుకులే. ధర పెరిగినప్పుడు హోటళ్ల గిరాకీ ఏ సరుకుకు నిలుస్తుంది, దేనికి జారుతుంది అన్నది తెలియకుండా నిల్వ పట్టిన వర్తకుడు నష్టపోవడానికి అవకాశం ఎక్కువ.

దర్శిని అంటే పద్ధతి

దర్శిని అన్నది ఒక కంపెనీ పేరు కాదు, వ్యాపార పద్ధతి పేరు. 1983లో బెంగళూరు జయనగరులో కేఫ్ దర్శిని వెలిసింది. కుర్చీలు లేవు, వడ్డించేవారు లేరు. డబ్బు కట్టి టోకెన్ తీసుకోవడం, కళ్ల ముందే వండుతున్న వంటశాల దగ్గర ప్లేటు అందుకోవడం, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తిని వెళ్లిపోవడం. పాశ్చాత్య దేశాల త్వరిత భోజనశాలల పద్ధతిని ఉడుపి శాకాహార టిఫినుకు అమర్చారన్నమాట. కొద్ది కాలంలోనే ఆ పేరు తోక తగిలించుకున్న హోటళ్లు నగరమంతటా వచ్చాయి. ఎవరి యాజమాన్యం వారిదే అయినా, పట్టీ, పద్ధతి, కొనుగోలు తీరు దాదాపు ఒకటే.

ఈ వ్యాపారంలో ప్లేటు మీద మిగిలేది తక్కువ. లాభమంతా తిరుగుడులో ఉన్నది. ఒక బల్ల దగ్గర గంటకు ఎంతమంది తిని వెళ్లారన్నదే లెక్క. వచ్చేవారిలో ఎక్కువమంది రోజూ వచ్చేవారు. రెండు రూపాయలు పెంచినా వెంటనే గమనిస్తారు, పక్క వీధిలో ఇంకో దర్శిని ఉండనే ఉన్నది. అందుచేత ధర పెంచడం చివరి అస్త్రం. అంతకుముందు వాడే అస్త్రాలు రెండు: సరుకుకు మారు సరుకు వెతకడం, అది దొరకకపోతే వంటకాన్నే మార్చడం.

రెండవ అస్త్రానికి బెంగళూరులో పాత ఉదాహరణ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాను బర్మాను ఆక్రమించుకోవడంతో అక్కడినుంచి బియ్యం రాక నిలిచిపోయింది. బియ్యానికి కటకట ఏర్పడింది. 1924లో ప్రారంభమైన మావళ్లి టిఫిన్ రూమ్స్, అనగా ఎం.టి.ఆర్., అప్పుడు గోధుమ రవ్వతో ఇడ్లీ వేసి చూసిందని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని ఆ హోటలు చెప్పుకుంటుంది. కొరత తీరి ఎన్నో ఏళ్లయినా రవ్వ ఇడ్లీ పట్టీలో మిగిలిపోయింది. ఈ విషయం సరుకు వర్తకులు గుర్తుంచుకోదగినది. కొరత కాలంలో మారుగా వచ్చిన సరుకు ఒక్కొక్కసారి శాశ్వతంగా పాతుకుపోతుంది.

ధర కట్టివేస్తే ఏమవుతుందో చెప్పడానికి కూడా అదే హోటలు ఉదాహరణ. అత్యవసర పరిస్థితి రోజుల్లో ప్రభుత్వం హోటలు తినుబండారాలకు ధరలు నిర్ణయించినప్పుడు, ఆ ధరకు తన నాణ్యం గిట్టదని ఎం.టి.ఆర్. హోటలును మూసివేసి, పొడులు, తయారు పిండి మిశ్రమాల వ్యాపారంలోకి దిగింది. హోటలు కొన్నేళ్ల తరువాత తిరిగి తెరిచారు. మిశ్రమాల వ్యాపారం పెరిగి పెద్దదై 2007లో నార్వే దేశపు ఓర్క్లా కంపెనీ చేతికి వెళ్లింది. హోటళ్లు మాత్రం కుటుంబం చేతిలోనే మిగిలాయి.

సీజను వెంట నడిచే పట్టీ

డిసెంబరు వచ్చిందంటే బెంగళూరుకు అవరేకాయి దిగుతుంది. మన చిత్తూరు, అనంతపురం వైపు అనపకాయ అనేది ఇదే. మాగడి, కోలారు ప్రాంతాల కాయకు అక్కడ మంచి పేరు. ఫిబ్రవరి వరకు ఉప్మాలో, రొట్టెలో, సాంబారులో, చారులో ఆ గింజలే కనబడతాయి. మనవారు పితికిపప్పు చేసినట్టే అక్కడా గింజ నానబెట్టి పై పొట్టు పితికి వండుతారు. బెంగళూరులో ఏటా జనవరి ప్రాంతంలో అవరేకాయి మేళా జరుగుతుంది. ఆ రెండు మూడు నెలలు ఇతర కూరగాయల మీద, కొంతవరకు కందిపప్పు మీద హోటళ్ల ఒత్తిడి తగ్గుతుంది.

చలికాలంలోనే ఉసిరికాయ చిత్రాన్నం పట్టీలోకి వస్తుంది. మార్చి నుంచి పచ్చి మామిడి. ఉగాదికి ముందు మొదలై వేసవి నడిచినన్ని నాళ్లూ మామిడికాయ చిత్రాన్నం, మామిడి చట్నీ నడుస్తాయి. నిమ్మకాయ ధర మండిపోయేది ఆ నెలల్లోనే కనుక, పులుపుకు మామిడి ఆసరా అవుతుంది. టమాటా చవకైన నెలల్లో టమాటా బాత్, టమాటా చట్నీ. సాంబారులో ముక్కలకు ఇంత అని నియమం లేదు. ముల్లంగి, గుమ్మడి, బూడిద గుమ్మడి, మన వాళ్లు బెంగళూరు వంకాయ అని పిలిచే సీమ వంకాయ, వీటిలో ఆనాడు కలాసిపాళ్యం మార్కెట్‌లో ఏది చవకగా ఉంటే అది పడుతుంది. తినేవాడు సాంబారు అడుగుతాడే గాని ముల్లంగి సాంబారే కావాలని అడగడు. కూరగాయల కొనుగోలుకు ఈ వెసులుబాటే రక్ష.

స్థానిక సరుకు, సీజను సరుకు వాడడాన్ని ఈ మధ్య ఒక సుగుణంగా చెప్పుకోవడం ఎక్కువైంది. దర్శిని లెక్కలో అది సుగుణం కంటే ముందు పొదుపు. దగ్గరి సరుకుకు రవాణా తక్కువ, తరుగు తక్కువ, శీతల గిడ్డంగి అద్దె లేదు. ముమ్మర రాబడుల రోజుల్లో కొంటారు గనుక ధర అడుగున ఉంటుంది.

ఇడ్లీ లెక్క వేరు, చట్నీ లెక్క వేరు

ఏ సరుకును వదులుతారు, దేనిని వదలరు అన్నది తెలియాలంటే ఒక ప్లేటులో ఆ సరుకు వాటా ఎంతో చూడాలి. లెక్క తేటగా ఉండడానికి పూర్ణాంకాలు తీసుకుందాం.

రోజుకు వెయ్యి ప్లేట్ల ఇడ్లీ అమ్మే హోటలు ఉన్నదనుకుందాం. ప్లేటుకు రెండు చొప్పున 2,000 ఇడ్లీలు. కిలో మినపగుళ్లకు, రవ్వ కలుపుకొని, సుమారు 150 ఇడ్లీలు వస్తాయనుకుంటే 14 కిలోల గుళ్లు కావాలి. గుళ్ల ధర కిలోకు 110 రూపాయల నుంచి 140కి పెరిగిందనుకుందాం. అదనపు ఖర్చు రోజుకు 420 రూపాయలు. ప్లేటుకు 42 పైసలు. మార్కెట్‌లో క్వింటాలుకు మూడు వేలు పెరగడం పెద్ద వార్తే గాని, ప్లేటులో అది అర్ధ రూపాయి కూడా కాలేదు.

ఇప్పుడు కొబ్బరి చూద్దాం. ఒక కాయ చట్నీ పన్నెండు ప్లేట్లకు వస్తుందనుకుంటే వెయ్యి ప్లేట్లకు 84 కాయలు. కాయ 30 రూపాయల నుంచి 60కి పెరిగితే అదనపు ఖర్చు రోజుకు 2,520 రూపాయలు. ప్లేటుకు రెండున్నర రూపాయలు. మినపగుళ్ల దెబ్బకు ఇది ఆరు రెట్లు. పైగా ఇడ్లీ ఎవరూ ఊరికే అడగరు, చట్నీ మాత్రం రెండోసారి అడుగుతారు.

కొబ్బరి సగానికి తగ్గించి, ఆ లోటు ఆరు కిలోల పుట్నాలపప్పుతో పూడ్చారనుకుందాం. 42 కాయలకు 2,520, కిలో 110 చొప్పున పుట్నాలకు 660, మొత్తం 3,180 రూపాయలు. కాయ 30 రూపాయలున్ననాడు పూర్తి కొబ్బరికి అయిన ఖర్చు కూడా 2,520. అంటే కాయ ధర రెట్టింపైనా హోటలుకు పెరిగిన భారం 660 రూపాయలు మాత్రమే, ప్లేటుకు 66 పైసలు. చట్నీ రంగు కొంచెం మారుతుంది, చిక్కదనం పెరుగుతుంది. ఎక్కువమంది గమనించరు.

ఇది కేవలం కాగితం లెక్క కాదు. 2025లో కొబ్బరి మార్కెట్ ఎన్నడూ లేనంత బిగువుగా నడిచింది. ఆ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర గుండు ఎండుకొబ్బరికి క్వింటాలుకు 12,100 రూపాయలు. కర్ణాటకలో ఎండుకొబ్బరికి పేరుపడ్డ తిపటూరు మార్కెట్‌లో ధర మధ్య వేసవి తరువాత దానికి రెట్టింపు దాటింది. కాయ నూనె మిల్లులకు, ఎండుకొబ్బరికి, లేత బొండాలకు మళ్లిపోగా పచ్చి కొబ్బరి ప్రియమైంది. ఇటువంటప్పుడు కొబ్బరి వర్తకుడు చూసుకోవలసినది తన దగ్గరి నిల్వ ఒక్కటే కాదు. చట్నీలో పుట్నాలు, వేరుసెనగ ఎంత మేరకు దూరాయో కూడా చూసుకోవాలి. అదే సమయంలో సెనగల వర్తకుడు కొబ్బరి ధరను గమనించాలి. సెనగ మార్కెట్ వార్తల్లో కొబ్బరి ప్రస్తావన ఉండదు గాని, వేయించిన పప్పుకు హోటళ్ల గిరాకీ కొబ్బరి ధరతో పాటు లేస్తుంది.

మినపగుళ్లకు మారు లేదు

ఇడ్లీ, దోశ, వడ మూడూ మినుముల మీద నిలబడ్డాయి. మినప్పప్పులో ఉండే జిగురు పదార్థం, మాంసకృత్తులు కలిసి పిండిలో పులుపు వల్ల పుట్టే గాలిని పట్టి ఉంచుతాయి. అందువల్లనే ఇడ్లీ పొంగుతుంది, దోశ గూళ్లు గూళ్లుగా వస్తుంది. పెసరపప్పుకు గాని, సెనగపప్పుకు గాని ఆ జిగురు లేదు. కాబట్టి మినుము ధర ఎంత పెరిగినా హోటలువారు పాళ్లు కొంచెం అటూ ఇటూ చేయగలరే గాని మానలేరు. రవ్వ ఇడ్లీ మినుముకు మారు కదా అనవచ్చు. అది వేరే వంటకం. పట్టీలో పక్కన ఉంటుంది గాని మామూలు ఇడ్లీని తోసివేయలేదు.

హోటలు కొనుగోలుదారు ధర కంటె ముందు అడిగేది ఒదుగు. కిలో పప్పుకు పిండి ఎంత అవుతుందన్నదే అతని కొలత. కొత్త పంట గుళ్లు బాగా ఒదుగుతాయి, పాతబడ్డకొద్దీ ఒదుగు తగ్గుతుంది. కిలోకు ఐదు రూపాయలు తక్కువని పాత సరుకు కొని, పదిహేను ఇడ్లీలు తక్కువ వస్తే మిగిలింది ఏమీ లేదు. కనుక మినుములో హోటలు గిరాకీ ధరకు బెదరదు, నాణ్యానికి బెదురుతుంది.

మన కోస్తా జిల్లాల్లో వరి కోతల వెంట మాగాణిలో చల్లిన మినుము ఫిబ్రవరి చివర నుంచి మార్కెట్‌కు వస్తుంది. పల్లాకు తెగులు బెడద వల్ల కృష్ణా, గుంటూరు మాగాణుల్లో కొంత విస్తీర్ణం మొక్కజొన్నకు మళ్లిన సంగతి తెలిసిందే. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ఖరీఫ్ పంట సెప్టెంబరు, అక్టోబరులలో మొదలవుతుంది. మధ్యలో లోటు పూడ్చేది బర్మా సరుకు. 2021 మే నెలలో మినుముల దిగుమతిని ఆంక్షల జాబితానుంచి తప్పించారు. ఆ సంవత్సరమే మయన్మార్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం 2021-22 నుంచి ఐదేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు తెచ్చుకోవడానికి వీలు కల్పించారు. చెన్నై రేవులో ఎఫ్.ఎ.క్యూ., ఎస్.క్యూ. రకాల ధర వినకుండా తెనాలిలో ఎవరూ బేరం ముగించకపోవడానికి కారణం అదే.

హోటళ్ల గిరాకీ గట్టిదని చెప్పి మినుములు ఎంతైనా నిల్వ పట్టవచ్చునా? 2023 సంగతి గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జూన్ 2న కేంద్రం కంది, మినుములపై నిల్వ పరిమితి విధించింది. టోకు వర్తకునికి ఒక్కొక్క పప్పుకు 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు. సెప్టెంబరు 25న టోకు పరిమితిని 50 టన్నులకు దించివేశారు. మిల్లులకు మూడు నెలల ఉత్పత్తికి ఉన్న వెసులుబాటు ఒక నెలకు కుదించారు. తిరిగే ధర మీద భరోసాతో పట్టిన సరుకును తొందరలో దించుకోవలసి వచ్చింది. కొనేవాడు మానకపోయినా అమ్మేవాడికి చేతులు కట్టుబడతాయని దీనివల్ల తేలుతున్నది. మద్దతు ధర 2023-24లో 6,950, 2024-25లో 7,400, 2025-26లో 7,800 రూపాయలు. రైతుకు నేల మట్టం ఏటా పెరుగుతున్నది. పైకప్పు మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉన్నది.

మిర్చి, చింతపండు: ఏడాది కొనుగోళ్లు

మసాలా దోశ లోపల పూసే ఎర్ర చట్నీకి, సాంబారు పొడికి బ్యాడగి మిర్చి రంగునిస్తుంది, గుంటూరు మిర్చి కారాన్నిస్తుంది. ఒకటి ఇంకొకదానికి పూర్తిగా మారు కాదు. పెద్ద హోటళ్లు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల కొత్త సరుకు కొని పొడి కొట్టించుకుంటాయి, లేదా శీతల గిడ్డంగిలో పెట్టించుకుంటాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మిర్చి ధర పెరిగితే హోటలు మానదు. ధర సగమైనా సాంబారులో కారం రెట్టింపు వేయదు. కాబట్టి రాబడులు ముంచెత్తిననాడు హోటలు గిరాకీ మార్కెట్‌ను నిలబెట్టలేదు. 2024 మార్చి 11న బ్యాడగి యార్డులో ధర ఒక్కసారిగా పడిపోవడంతో రైతులు ఆగ్రహించి మార్కెట్ కమిటీ కార్యాలయం మీద దాడి చేసి వాహనాలు తగలబెట్టిన సంఘటన తెలిసిందే. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ధరలు కుంగినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను, 2.54 లక్షల టన్నుల పరిమాణాన్ని ఆమోదించవలసి వచ్చింది. వాడుక పెరగని సరుకులో పంట పెరిగితే పర్యవసానం ఇలాగే ఉంటుంది.

చింతపండు సంగతి కొంత వేరు. హిందూపురం మార్కెట్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ముమ్మర రాబడులు. కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా బేరాలు సాగుతాయి. బెంగళూరు కూతవేటు దూరంలో ఉండడం ఆ మార్కెట్‌కు కలిసివచ్చిన అంశం. టమాటా ధర మండినప్పుడు చారు, సాంబారు పులుపుకు హోటలువారు చేయి చాచేది చింతపండు వైపే. వేసవిలో కొన్న చింతపండు వర్షాకాలంలో టమాటాకు అడ్డుకట్ట అవుతున్నదన్నమాట. శీతల గిడ్డంగిలో చింతపండు ఉన్న వర్తకుడు జూన్, జూలై నెలల్లో కోలారు, మదనపల్లె టమాటా రాబడులు చూసుకోవడం మంచిది.

ఉల్లి, టమాటా నేర్పిన పాఠాలు

2019 డిసెంబరులో బెంగళూరులో ఉల్లి కిలో 200 రూపాయలు తాకింది. అప్పుడు నగర హోటళ్లు చాలావరకు ఉల్లి దోశ వేయడం మానివేశాయి. ధర పెంచి వేయవచ్చు. కాని ఉల్లి దోశకు మామూలు దోశకు రెట్టింపు ధర చెబితే తినేవాడు కొట్లాటకు వస్తాడు. వేయకపోతే మారు మాట్లాడకుండా సెట్ దోశ తింటాడు.

2023 జూలైలో టమాటా వంతు. మదనపల్లె టోకు మార్కెట్‌లో మేలు రకం కిలో 150 రూపాయలు దాటింది. ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకడానికి కూరగాయలే ముఖ్య కారణం. నాఫెడ్, ఎన్.సి.సి.ఎఫ్. సంస్థలు ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో కొని ఉత్తరాది నగరాల్లో తక్కువ ధరకు అమ్మాయి. అప్పుడే మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారత శాఖలు తమ తినుబండారాల్లో టమాటా వేయలేకపోతున్నామని దుకాణాల్లో నోటీసులు పెట్టాయి. ఏడాది పొడుగునా, అన్ని ఊళ్లలో ఒకే కొలత, ఒకే రుచి అని మాట ఇచ్చిన వ్యాపారానికి ఒక్క సరుకు తప్పినా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. టమాటా బాత్ మానేసి వాంగీబాత్ వండిన దర్శినికి నోటీసు పెట్టవలసిన అవసరం లేదు.

పాలు, కాఫీ విషయంలో మాత్రం ఈ చాకచక్యం సాగదు. పాల ధరను కర్ణాటక పాల సమాఖ్య నిర్ణయిస్తుంది. 2023 ఆగస్టు 1న లీటరుకు 3 రూపాయలు, 2025 ఏప్రిల్ 1న 4 రూపాయలు పెరిగింది. దేశపు కాఫీలో సుమారు 70 శాతం కర్ణాటకదే. తోట పక్కనే ఉన్నా ధర మాత్రం ప్రపంచ మార్కెట్‌ది. బ్రెజిల్, వియత్నాంలలో పంట దెబ్బతిని 2025 ఫిబ్రవరిలో అరబికా పౌనుకు నాలుగు డాలర్లు దాటితే బెంగళూరు పొడి దుకాణాల్లో కూడా ధర లేచింది. చికోరీ పాలు పెంచడానికి కూడా హద్దు ఉన్నది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదన్నది ఆహార ప్రమాణాల నిబంధన. అందుకే దర్శినుల్లో ధర పెరిగిందంటే ముందుగా పెరిగేది తరచు కాఫీకే. స్థానిక సరుకైనంత మాత్రాన ధర స్థానికంగా ఉండదన్నదానికి కాఫీ తార్కాణం.

శాఖలు పెరిగితే ఏమవుతుంది?

ఇంతవరకు చెప్పిన వెసులుబాటు ఒకే వంటశాల, ఒకే యజమాని ఉన్న హోటలుకు సులభం. 1943లో మొదలైన గాంధీబజారు విద్యార్థి భవన్, 1965 నాటి శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్ వంటివి కొద్ది వంటకాలతోనే పేరు నిలబెట్టుకున్నాయి. ఇప్పుడు రోజులు మారుతున్నాయి. 2021లో ఇందిరానగరులో ప్రారంభమైన రామేశ్వరం కేఫ్ నగరంలో శాఖలు పెంచుకొని 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూరుకు వచ్చింది. ఇతర సంస్థలు కూడా ఊరూరా శాఖలు తెరుస్తున్నాయి.

శాఖలు పెరిగితే అన్నిచోట్ల ఒకే రుచి కావాలి. ఒకే రుచికి ఒకే పొడి, ఒకే రకం గుళ్లు, ఒకే గ్రేడు మిర్చి కావాలి. కొనుగోలు ఒక చేతికి వస్తుంది. వర్తకునికి ఇందులో లాభం లేకపోలేదు. పెద్ద పరిమాణం, ఏడాది ఒప్పందం, చెల్లింపులో క్రమం ఉంటాయి. కాని బేరంలో పై చేయి కొనేవాడిది అవుతుంది, నాణ్యంలో తేడా వస్తే లారీ తిరిగి వస్తుంది. చిల్లర మల్లరగా సీజను సరుకు తెచ్చి అమ్మే రైతుకు ఆ వంటశాలలో చోటు తగ్గుతుంది. హైదరాబాదు శాఖ కోసం మాగడి అనపకాయ లారీ ఎక్కితే అది స్థానిక సరుకు కాదు. అక్కడ పట్టీలో దాని స్థానంలో చింతచిగురో, గోంగూరో రావాలి. వస్తే శాఖ నిలదొక్కుకుంటుంది. రాకపోతే ప్రతి కొరతలోనూ పూర్తి ధర కట్టి కొనవలసిందే, ఆ భారం తినేవాడి మీద వేయవలసిందే.

శాఖాహార టిఫిను చవకగా ఉండడానికి మాంసం లేకపోవడమే కారణమని అనుకోవడం సగం నిజం. ఏ సరుకు ప్రియమైతే దాన్ని పక్కన పెట్టగలగడం మిగిలిన సగం. శాఖల విస్తరణలో ఆ స్వేచ్ఛ పోగొట్టుకుంటే మిగిలేది తక్కువ లాభం, ఎక్కువ అద్దె. 2017 నవంబరు 15 నుంచి మామూలు హోటళ్లకు జి.ఎస్.టి. 5 శాతం చేసి, కొన్న సరుకుల మీది పన్ను తిరిగి రాబట్టుకునే వీలు తీసివేశారు. కనుక కొనుగోలు ఖర్చులో ప్రతి రూపాయీ హోటలువాడి నెత్తినే పడుతుంది.

వర్తకులు గమనించవలసినది

హోటళ్ల గిరాకీని ఒకే ముద్దగా చూడకుండా మూడు వరుసలుగా పెట్టుకోవడం మంచిది. మొదటి వరుస మానలేనివి: మినపగుళ్లు, బియ్యపు రవ్వ, కాఫీ, పాలు, ఎండుమిర్చి. వీటికి ధర పెరిగినా గిరాకీ నిలుస్తుంది. కాని ధర పడితే అదనంగా కొనరు, ప్రభుత్వ ఉత్తర్వుల భయం ఎప్పుడూ ఉంటుంది. రెండవ వరుస మార్చుకోగలిగినవి: కొబ్బరికి పుట్నాలు, వేరుసెనగ, టమాటాకు చింతపండు, నిమ్మకు మామిడి. వీటిలో ఒకదాని ధర లేస్తే రెండవదాని గిరాకీ లేస్తుంది. ఇక్కడ లాభం రెండు మార్కెట్లనూ చూసేవాడిది. మూడవ వరుస సీజను సరుకు: అనపకాయ, ఉసిరి, మామిడికాయ, ఆకుకూరలు. వీటికి నిల్వ లేదు, ఆగి అమ్మడం లేదు. ముమ్మరంలో చవకగా, త్వరగా చేర్చగలిగినవాడికే బేరం.

రెండవ వరుస సరుకును మొదటి వరుసదిగా భ్రమించి పట్టి కూర్చుంటేనే ప్రమాదం. హోటలు తలుపులు రేపు ఉదయం ఆరింటికి మామూలుగానే తెరుస్తారు. ఇడ్లీ ఉంటుంది, చట్నీ కూడా ఉంటుంది. అందులో మీ సరుకు ఉంటుందా అన్నదే చూసుకోవలసినది.